1981లో తిరుపతిలో టీవీ ఎక్కడిది? నాజియా హసన్ క్లిప్పు, అభిమానుల జ్ఞాపకం

తిరుపతిలో అరవై ఏళ్ల దగ్గర్లో ఉన్న పాటల పిచ్చోళ్లు నలుగురు ఒకచోట చేరితే పాకిస్తాన్ పాప్ గాయని నాజియా హసన్ పేరు రాకుండా ఉండదు. ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో వాకింగ్ అయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడో, రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులోనో ఎవరో ఒకరు ఆ పాత క్లిప్పు బయటికి తీస్తారు. స్కూలు పిల్లలా ఉన్న అమ్మాయి, చేతిలో మైకు, వెనకాల స్టూడియో లైట్లు, పక్కన తమ్ముడు జోహెబ్. పెద్దగా డాన్సేమీ ఉండదు. కాస్త అటూ ఇటూ ఊగుతూ పాడుతుంది, అంతే. క్లిప్పుతో పాటు ఒక మాట కూడా వస్తుంది: "అప్పట్లో, 81లో, టీవీలో చూసినాం కదా, ఆ రోజులే వేరు."

ఆ మాట దగ్గరే లెక్క కుదరదు. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. కానీ 1981లో తిరుపతిలో కూర్చుని ఆ ప్రోగ్రాం చూడటం కుదిరే పని కాదు.

నాజియా టీవీలో పాడింది ఎక్కువగా పాకిస్తాన్ టెలివిజన్‌లో. చిన్నప్పుడే సొహైల్ రాణా నడిపిన పిల్లల పాటల కార్యక్రమంలో కనిపించింది. పేరొచ్చాక స్టూడియో ప్రోగ్రాముల్లో పాడింది. 1989లో షోయబ్ మన్సూర్ తీసిన 'మ్యూజిక్ 89'కి తమ్ముడితో కలిసి యాంకరింగ్ చేసింది. లాహోర్ టీవీ అమృత్‌సర్‌లో అందేది. అక్కడివాళ్లు ఆ చానలే చూస్తున్నారని 1973లోనే అమృత్‌సర్‌లో దూరదర్శన్ కేంద్రం పెట్టాల్సి వచ్చింది. లాహోర్ సిగ్నల్ తిరుపతి దాకా రావడమన్నది ఊహకు కూడా అందదు.

ఇక మన టీవీ సంగతి. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న, హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్ 23న మొదలయ్యాయి. కలర్ ప్రసారాలు 1982లో ఆసియా క్రీడల ఏడాది వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకెళ్లాక, 1984లో దేశమంతటా రిలే కేంద్రాలు వరసగా పెట్టుకుంటూ పోయారు. అప్పటిదాకా చిత్తూరు జిల్లాలో టీవీ ఉన్న ఇల్లంటే డాక్టరు గారిదో, పెద్ద వ్యాపారస్తుడిదో అయ్యుండేది. అది కూడా పనిచేసేది మద్రాసు దయ మీద.

ఆ దయ సంపాదించుకోవడం ఒక పెద్ద తతంగం. హైదరాబాద్ సిగ్నల్ ఆశ లేదు కాబట్టి, మిద్దె మీద రెండు మూడు పైపులు కలిపి స్తంభం లేపి, దాని కొసన చేప ముల్లులాంటి యాంటెన్నా కట్టి, మధ్యలో బూస్టర్ తగిలించి మద్రాసు వైపు తిప్పేవాళ్లు. నగరి, పుత్తూరు, సత్యవేడు వాళ్లకు దూరం తక్కువ కాబట్టి బొమ్మ కొంచెం నయం. తిరుపతిలో గాలి వాటం, వాన వాటం చూసుకోవాలి. చిత్తూరు వైపు గుట్టలు అడ్డం. పైన ఒకడు పైపు పట్టుకుని, కింద కిటికీ దగ్గర ఇంకొకడు నిలబడి అరుచుకునేవాళ్లు. "ఏంరా, వస్తా ఉండాదా?" "లేదన్నా, అంతా ఈగలే!" "ఇప్పుడు?" "ఆ, ఆ, అంతే! కదిలించొద్దు!" పైవాడు చెయ్యి వదలగానే బొమ్మ మళ్లీ పోయేది. డయనోరా, సాలిడేర్ సెట్లు మద్రాసు నుంచే వచ్చేవి. శుక్రవారం సాయంత్రం తమిళ సినిమా పాటల కోసం ఊరి పిల్లలంతా ఆ ఒక్క ఇంటి వసారాలో కూర్చునేవాళ్లు. వాళ్లు చూసినవన్నీ సినిమా ముక్కలే. హిందీ పాటల 'చిత్రహార్' తగిలినా అదీ సినిమా ముక్కలే. వాటిలో నాజియా గొంతు వినిపించి ఉండొచ్చు, ముఖం మాత్రం కనిపించి ఉండదు.

ఎందుకంటే ఆమెకు పేరు తెచ్చిన పాట సినిమా పాట. 1980లో వచ్చిన ఫిరోజ్ ఖాన్ 'ఖుర్బానీ'లో 'ఆప్ జైసా కోయీ' తెర మీద పాడేది జీనత్ అమన్. గొంతు మాత్రం లండన్‌లో చదువుకుంటున్న ఒక పాకిస్తానీ అమ్మాయిది. 1965 ఏప్రిల్ 3న పుట్టిన నాజియాకు ఆ పాట రికార్డయ్యే నాటికి పదిహేనేళ్లు అటూ ఇటూ. ఫిరోజ్ ఖాన్ ఆమెను లండన్‌లో ఒక పార్టీలో చూసి, ట్యూన్ కట్టిన బిడ్డు దగ్గరికి పంపారు. ఈ బిడ్డు మనకు పక్కూరి మనిషే, బెంగళూరులో పుట్టి లండన్ చేరినవాడు. 1974లో కార్ల్ డగ్లస్‌తో 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాడించి ప్రపంచమంతా అదరగొట్టినవాడు కూడా ఆయనే. చిత్తూరు నుంచి బస్సెక్కితే నాలుగైదు గంటల్లో చేరే ఊరివాడు లండన్‌లో కూర్చుని, కరాచీ పిల్లతో బొంబాయి సినిమాకు పాడించాడు. ఆ పాటకే నాజియాకు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ఆ విభాగంలో అంత చిన్న వయసులో దాన్ని అందుకున్నవాళ్లు వేరే లేరు. 1981లో అక్కాతమ్ముళ్ల 'డిస్కో దీవానే' ఆల్బం వచ్చింది. అందులో సినిమా లేదు, హీరోయిన్ లేదు. అట్ట మీద బొమ్మ వాళ్లదే.

తిరుపతికి ఆ పాటలు చెవి దారిన వచ్చాయి. సినిమా హాలు ఒక దారి, హిందీ పాటలు వేసే రేడియో ఒక దారి. అన్నిటికంటే పెద్ద దారి క్యాసెట్టు. టౌనులో రికార్డింగ్ సెంటర్లని ఉండేవి. కావాల్సిన పాటల లిస్టు కాగితం మీద రాసిచ్చి, ఖాళీ సి-60 క్యాసెట్టు కొనిచ్చి, రెండు రోజులాగి వెళితే ఒక వైపు తెలుగు, ఒక వైపు హిందీ రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. డూప్లికేట్ అన్న మాట ఎవరికీ పట్టేది కాదు. ఆ క్యాసెట్టుకు అట్ట ఉండదు, బొమ్మ ఉండదు, బాల్ పెన్నుతో గీకిన నాలుగు పేర్లు తప్ప. నాజియా ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంగ్లీషు సినిమా పత్రికో, అసలు రికార్డు అట్టో చేతికి రావాలి. హాస్టల్ రూముల్లో ఆ పాటలు పాడుకున్న వాళ్లలో సగం మందికి హిందీ రాదు. మాటలు ఎవడికి వినపడ్డట్టు వాడు పాడుకునేవాడు.

ఇంకో దారి గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. మదనపల్లె, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లి పనిచేసిన కుటుంబాలు వేలకు వేలు. సెలవుకు వచ్చేవాళ్ల పెట్టెల్లో సెంటు సీసాలు, దుప్పట్లు, రేడియో, క్యాసెట్టు కలిసిన టూ-ఇన్-వన్ తప్పనిసరి. తర్వాతి రోజుల్లో వీడియో క్యాసెట్లు వేసుకునే వీసీఆర్ కూడా చేరింది. గల్ఫ్‌లో మలయాళీ, పఠాన్, మనవాడు ఒకే గదిలో ఉండే రోజులవి. పాకిస్తానీ నాటకాల వీడియో క్యాసెట్లు అప్పట్లో మన దేశంలోనూ బాగానే తిరిగాయి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ఉర్దూ ఇళ్లలో అలాంటి క్యాసెట్టు మీద నాజియా పాడటాన్ని 1980ల చివర్లో చూసినవాళ్లు కొందరు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి "చూసినాం" అనే ప్రతి మాటనూ కొట్టిపారేయలేం. కానీ 'టీవీలో', '81లో' అన్న రెండూ కలిసి నిలబడవు.

అలాంటప్పుడు అంత గట్టిగా ఎలా గుర్తుంటుంది? జ్ఞాపకశక్తి మీద పనిచేసిన మార్సియా జాన్సన్ లాంటి సైకాలజిస్టులు దీన్ని సోర్స్ మానిటరింగ్ అనే లెక్కతో వివరిస్తారు. మనసు విషయాన్ని దాచుకున్నంత గట్టిగా, ఆ విషయం ఎక్కడి నుంచి వచ్చిందన్నది దాచుకోదు. పాట ఒకచోట విన్నాం, ముఖం ఇంకెక్కడో చూశాం, ఆ వయసులో టీవీ ముందు కూర్చున్న సంబరం మరెక్కడిదో. గుర్తుచేసుకునేటప్పుడు ఈ మూడింటినీ మనసే ఒక సీనుగా కూర్చి చూపిస్తుంది. కూర్చిన జాడ కూడా మిగలనివ్వదు. పదిహేనేళ్లుగా ఫోన్లో పదే పదే చూసిన క్లిప్పు, నలభై ఏళ్ల కిందటి వసారాలోకి వెళ్లి కూర్చోవడం అందుకే పెద్ద విడ్డూరం కాదు. పైగా పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో జరిగినవే పెద్దయ్యాక ఎక్కువ గుర్తొస్తాయన్నది ఈ రంగంలో ఎన్నోసార్లు తేలిన విషయం. తప్పు సీను కూర్చుకోవడానికైనా మనసు ఆ రోజులనే ఎంచుకుంటుంది.

ఇంతవరకే అయితే ఏ పాత క్లిప్పుకైనా ఇదే వివరణ సరిపోవాలి. మరి వేల పాత క్లిప్పులు ఉండగా ఈ అమ్మాయిదే ఎందుకు ఇంతగా పట్టుకుంది?

దానికి జవాబు మన పాటల పద్ధతిలో ఉంది. తెలుగువాళ్లకు ఆడగొంతు అంటే సుశీల, జానకి, ఎల్.ఆర్.ఈశ్వరి. ఆ గొంతులు ఎప్పుడూ ఇంకొకరి ముఖంతోనే వచ్చాయి. పాడింది ఎవరన్నది రేడియోలో చెప్పే పేరు మాత్రమే, కంటికి కనిపించేది హీరోయిన్. సుశీల గారిని ఎదురుగా చూడాలంటే కచేరీకి వెళ్లాలి. అక్కడ ఆవిడ పట్టుచీరలో, నోట్‌బుక్ ముందు పెట్టుకుని, నిశ్చలంగా నిలబడి పాడతారు. అక్కడ పాటలో ఉన్న పదహారేళ్ల పిల్లకూ, పాడే మనిషికీ సంబంధం ఉండదు. ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా. మన గాయనుల గొప్పతనమే అది, ఏ వయసు పాత్రకైనా గొంతు ఇవ్వగలగడం.

నాజియా క్లిప్పులో ఆ దూరం ఒక్కసారిగా లేకుండా పోయింది. పాటలోని వయసు, గొంతులోని వయసు, కనిపించే ముఖంలోని వయసు ఒకటే. మొదట జీనత్ అమన్ ముఖంతో అలవాటైన గొంతు చివరికి తన సొంత మనిషి దగ్గరికి చేరింది. అది కూడా ఊహించుకున్న మనిషి కాదు. గ్లామర్ ఉన్న హీరోయిన్ కోసం చూస్తే ఎదురుగా కాలేజీలో పక్క బెంచీ అమ్మాయి నిలబడి ఉంది. గొంతులో శాస్త్రీయ సంగీతపు గమకాలు లేవు, కొంచెం ముక్కుతో పలికే తీరు, కొంచెం బిడియం. సంగీతం తెలిసినవాళ్లు "ఇదేం పాట" అని అప్పట్లో పెదవి విరిచారు. ఆ విరుపు పూర్తిగా తప్పేమీ కాదు. కొలిచి చూస్తే ఆమె పెద్ద గాయని కాదు. కానీ ఆ పాటకు అంతకంటే మంచి గాయని దొరికి ఉంటే పాట చెడేది.

ఆమె పెద్దగా కదలకపోవడం వెనక కొంత చరిత్ర ఉంది. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ హయాంలో పాకిస్తాన్ టీవీ మీద కట్టుబాట్లు బిగిశాయి. వార్తలు చదివే ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకోవాలన్నారు, ఆడవాళ్ల డాన్స్ తెర మీద కనబడకూడదన్నారు. అలాంటి చోట డిస్కో పాట పాడాలి. డిస్కో అంటేనే డాన్సు. దాంతో బీటు పరిగెడుతూ ఉంటుంది, అమ్మాయి మాత్రం నిలుచున్నచోటే ఉంటుంది. ఇవాళ చూసేవాళ్లకు అది నిండుదనంగా, సింప్లిసిటీగా కనిపిస్తుంది. "ఎంత పద్ధతిగా ఉందో చూడండి, ఇప్పటి పాటలూ ఉన్నాయి ఎందుకు" అనే పెద్దమనుషులు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్లు మెచ్చుకుంటున్న ఆ పద్ధతిలో సగం ఒక సైనిక ప్రభుత్వం పెట్టిన కట్టడి అని తెలిస్తే ఏమంటారో. మిగతా సగం మాత్రం నిజంగా ఆ అమ్మాయి తీరే. లండన్‌లో ఏ కట్టడీ లేకుండా తీసిన 'యంగ్ తరంగ్' ఆల్బం వీడియోల్లో కూడా, 1984లో, ఆమె తీరు దాదాపు అంతే నెమ్మది.

ఆమె నిజంగా పాడుతోందా, పెదవులు కదుపుతోందా అన్న వాదన కూడా గ్రూపుల్లో నడుస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో టీవీ స్టూడియోల్లో పాప్ పాటకు రికార్డు వేసి పెదవులు కలిపించడం మామూలే, బ్రిటన్‌లోనూ అంతే. కనిపెట్టడం కష్టమేమీ కాదు. రికార్డులో ఆమె గొంతు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు రెట్టింపుగా వినిపిస్తుంది. ఒక్క మైకు ముందు ఒక్క మనిషి పాడితే అలా రాదు. క్లిప్పులో కూడా అలాగే వినిపిస్తే అది రికార్డే. పాట ముగింపు లేకుండా మెల్లగా సన్నగిల్లుతూ పోయినా, ఊపిరి తీసుకున్న చప్పుడు ఒక్కటీ వినిపించకపోయినా అంతే. అభిమానులు దీన్ని అవమానంగా తీసుకోవాల్సిన పని లేదు. వాళ్లకు కావాల్సింది పాడిన రుజువు కాదు, పాడిన మనిషి.

క్లిప్పు రూపం గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే జ్ఞాపకానికి పాత రంగు పులిమేది అదే. భారత్, పాకిస్తాన్ రెండూ వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో టీవీ బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో పంపేవారు. పాత టీవీ పెట్టెలో ఇది కంటికి తెలియదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు సరిగా కలపకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా అంచున దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. ఇక ఇంట్లో వీహెచ్ఎస్ అనే వీడియో క్యాసెట్టు మీద రికార్డు చేస్తే అడ్డంగా వివరం దాదాపు 240 గీతలకు పడిపోతుంది. రంగుల వివరం ఇంకా తక్కువ, అందుకే ఎరుపు తన గీత దాటి పక్కకు కారినట్టు కనిపిస్తుంది. బొమ్మ అడుగున చిరిగిన పట్టీలా వణుకుతూ ఉండేది, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారేచోటు. పాత టీవీల్లో అది పెట్టె అంచు కింద దాగిపోయేది, ఫోన్లో మొత్తం బయటపడుతుంది. అంటే 'అప్పటి టీవీ ఇలాగే ఉండేది' అని ముచ్చటపడుతున్న గుర్తుల్లో కొన్ని అప్పటి టీవీలో ఎవరికీ కనిపించనివి.

ఒక టేపు నుంచి ఇంకో టేపుకు కాపీ చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అప్‌లోడ్ చేసినప్పుడు ఇంకొంత, వాట్సాప్ కుదించినప్పుడు మిగిలినదాంట్లో మరికొంత. మోటారు వేగం తేడాతో శ్రుతి కూడా జరుగుతుంది. దీన్ని మొదట పట్టేది ఆర్కెస్ట్రా కీబోర్డు వాయించేవాళ్లే. క్లిప్పు పెట్టుకుని దాంతో పాటు వాయిద్దామంటే ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు, రెండు మెట్లకు మధ్యలో ఎక్కడో ఉంటుంది. ట్రాన్స్‌పోజ్ నొక్కితే అరమెట్టు చొప్పున జరుగుతుంది కాబట్టి లాభం లేదు. మెనూలోకి వెళ్లి ట్యూనింగ్ సన్నగా జరుపుకోవాలి. అసలు రికార్డుతో అయితే ఈ గొడవ లేదు.

ఈమధ్య ఏఐతో కడిగిన 4కె క్లిప్పులు కూడా వస్తున్నాయి. గీతలు పోయాయి, మచ్చలు పోయాయి, ముఖం మైనపు బొమ్మలా నున్నగా తయారైంది. లేని కనురెప్పలు, లేని పళ్ల వరస సాఫ్ట్‌వేర్ ఊహించి గీసింది. పాత అభిమానులకు ఇవి రుచించవు, వాళ్లు మసక బొమ్మనే మళ్లీ పంపుకుంటారు. ఈ విషయంలో న్యాయం వాళ్ల పక్షానే ఉంది. మసక బొమ్మలో తక్కువైనా ఉన్నది ఆ అమ్మాయే.

బొమ్మ అంత గట్టిగా నిలిచిపోవడానికి ఇంకో కారణం, దాని మీద తర్వాతి బొమ్మలు పడకపోవడం. బాలు గారిని 1996 నుంచి 'పాడుతా తీయగా'లో తెలుగు ఇళ్లన్నీ చూస్తూ వచ్చాయి. జుట్టు నెరవడం, ఒళ్లు రావడం, నవ్వు మారకపోవడం అన్నీ మన కళ్లముందే జరిగాయి. ఆయన ఏ వయసు బొమ్మ గుర్తుంది అంటే చెప్పడం కష్టం. నాజియా విషయంలో అలా కాదు. 1982లో 'బూమ్ బూమ్' ఆల్బం, తర్వాత 'యంగ్ తరంగ్', 1987లో 'హాట్‌లైన్', 1992లో 'కెమెరా కెమెరా'. అంతటితో పాడటం ఆపేసింది. బిజినెస్, లా చదివింది, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో కొంతకాలం పనిచేసింది. 1995లో బిడ్డు ట్యూన్ కట్టగా అలీషా చినాయ్ పాడి దేశాన్ని ఊపేసిన 'మేడ్ ఇన్ ఇండియా' పాట మొదట నాజియా కోసం అనుకున్నదేనని చెబుతారు. 2000 ఆగస్టు 13న లండన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆమె చనిపోయేనాటికి 35 ఏళ్లు. నడివయసు నాజియా పాత పాటలు పాడిన రియాలిటీ షో లేదు, జడ్జి కుర్చీ లేదు, కంబ్యాక్ లేదు. ఆమె వార్త తెలిసేనాటికి తిరుపతి అభిమానుల్లో చాలామంది పిల్లల ఎంసెట్ టెన్షన్‌లో ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఇంటర్నెట్ వచ్చి, పెళ్లికి ముందు విన్న గొంతుకు ముఖాన్ని తెచ్చి చూపించింది. చూసిన నాటికే ఆ మనిషి లేదు. ఈ వరస తెలిస్తే 'ఆ రోజులే వేరు' అన్న మాటలో దిగులు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

అప్పటికి పుట్టని పిల్లలు కూడా ఇదే క్లిప్పు షేర్ చేస్తున్నారు. వీళ్లకు 'గుర్తు' అనే ప్రశ్నే లేదు కదా. కార్నెల్ యూనివర్సిటీలో కరోల్ క్రమ్‌హాన్సల్ 2013లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. ఇరవై ఏళ్ల విద్యార్థులకు 1955 నుంచి 2009 వరకు హిట్టయిన పాటలు వినిపించి చూస్తే, వాళ్ల సొంత కాలపు పాటలతో పాటు 1980ల మొదటి పాటలు కూడా ప్రత్యేకంగా తగిలాయి. అమ్మానాన్నలు ఇరవైల్లో ఉన్న కాలం అది. ఇంట్లో వాళ్లు పెట్టుకున్న పాటే పిల్లల చిన్నతనం కూడా అవుతుంది. అది అమెరికా లెక్క, కానీ తిరుపతి నుంచి బెంగళూరు పోయే కార్లో నాన్న పెట్టిన పెన్‌డ్రైవ్ గురించి చెప్పినట్టే ఉంది. పైగా 2012లో 'స్టూడెంట్ ఆఫ్ ద ఇయర్' హిందీ సినిమాలో 'డిస్కో దీవానే'ను రీమిక్స్ చేసి నాజియా గొంతు ముక్కలనే వాడారు. కొత్తవాళ్లు ఆ పాట నుంచి వెనక్కి నడిచి పాత క్లిప్పు దగ్గరికి చేరారు. పాకిస్తాన్ గాయని అన్న సంగతి మీద అప్పుడప్పుడు గ్రూపుల్లో చిన్న రగడ జరుగుతుంది, ఎవరో ఒకరు బిడ్డు బెంగళూరు వాడని గుర్తుచేసి సర్దేస్తారు.

ఇదంతా అయ్యాక ఒక ప్రశ్న మిగులుతుంది. 1980ల్లో తిరుపతివాళ్లు నాజియా పాటను కళ్లతో చూస్తూ విన్నది అసలు ఎక్కడ? జవాబు వాళ్ల ఊళ్లోనే ఉంది. వినాయక చవితి పందిళ్లు, గంగజాతర రాత్రులు, పెళ్లి రిసెప్షన్లు. ప్రతి లోకల్ ఆర్కెస్ట్రాలో హిందీ పాటలకు ఒక అమ్మాయి ఉండేది. తెలుగు మెలోడీలు సీనియర్ గాయనివి, ఈ కుర్ర పాట ఈ అమ్మాయిది. కాంగో డ్రమ్ముల మీద డిస్కో బీటు, ఎకో పెంచిన మైకు, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ కాస్త ఊగుతూ పాడే పిల్ల. వన్స్‌మోర్ అరుపులు. ఆ వయసు అభిమాని కంటి ముందు, ఆ కాలంలోనే, నిజంగా జరిగిన ప్రదర్శన అంటే ఇదే. జ్ఞాపకంలో టీవీ అని పేరు పెట్టుకున్న దృశ్యంలో లైట్లు, మైకు, ఊగడం ఈ పందిరి నుంచి వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం.

ఆ అమ్మాయిల క్లిప్పులు ఎక్కడా దొరకవు. పాకిస్తాన్ టీవీకి స్టూడియో ఉంది, ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న టేపు ఉంది. మనకు ఉన్నది పెళ్లి వీడియో ఒక్కటే. తర్వాత వచ్చిన లోకల్ కేబుల్ చానళ్లు పాటల పోటీలు పెట్టినా, టేపు ఖరీదు కాబట్టి దాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లు. ఆ పొదుపు ఒక్క కేబుల్ వాళ్లదే అని తప్పుపట్టలేం, బీబీసీ అంతటిది కూడా తన పాత ప్రోగ్రాములు ఎన్నో ఇలాగే చెరిపేసుకుంది. పెళ్లి టేపులు మాత్రం చెరపరు కాబట్టి మిగిలాయి, బీరువా పై అరలో, బూజు పట్టి. వీహెచ్ఎస్ టేపు మీద తెల్లటి పొడలా కనిపించేది ఫంగస్. అలాగే మెషిన్‌లో పెడితే టేపుతో పాటు మెషిన్ హెడ్డు కూడా పాడవుతుంది, ముందు శుభ్రం చేయించాలి. మెషిన్లు కూడా కొత్తవి రావు. చివరిదాకా వీసీఆర్‌లు తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. టేపులను డిజిటల్ చేసే స్టూడియోకు ఇచ్చేటప్పుడు చాలామంది ముహూర్తం, తలంబ్రాలు ఉంచి మిగతాది కట్ చేయమంటారు. మూడు గంటల టేపును గంటకు కుదిస్తే మొదట పోయేది రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా పాడిన భాగమే. ఆ భాగం ఉంచమని చెబితే అదనంగా అయ్యే ఖర్చు ఏమంత ఉండదు. పెన్‌డ్రైవ్‌లో కాస్త చోటు కావాలి, అంతే.